బొర్రా గైడుకి ఐదొందలు, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆటోకి ఆరొందలు

వైజాగ్ నుంచి బొర్రా గుహలకి వెళ్తున్నవాళ్ళకి ముందే చెప్తున్నాను, బయట చుట్టుముట్టే గైడుల్ని పెట్టుకోకండి. మా దగ్గర ఐదొందలు తీసుకున్న మనిషి ఇరవై నిమిషాల్లో మొత్తం చుట్టబెట్టేశాడు. "ఇదిగో శివపార్వతులు, అదిగో మొసలి" అంటూ టార్చి వేయడం, ఫొటో దిగమనడం, పదండి పదండి అనడం. పైగా శబ్దం వినిపిస్తానని పైనుంచి వేలాడే రాయిని టార్చితో టకటకా కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ రాళ్ళు ఎలా తయారయ్యాయని మా అమ్మాయి అడిగితే, "దేవుడి మహిమ పాపా" అన్నాడు. లోపల శివయ్యకి నేనూ దండం పెట్టుకున్నాను. కానీ పిల్ల అడిగినదానికి జవాబు అక్కడే బొట్టుబొట్టుగా కారుతోంది కదా!

అతన్ని పంపించేసి ఒక మూల నిలబడ్డాం. రాయి కొసన నీటిబొట్టు ఊగుతూ ఊగుతూ ఎంతకీ పడదు. వాన నీళ్ళు మట్టిలోంచి ఇంకేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలిసి కొంచెం పులుపెక్కుతాయి, ఆ నీళ్ళు సున్నపురాయిని కరిగిస్తాయి. గుహ అలా తొలిచినదే. కరిగిన సున్నంతో బొట్టు కప్పుకి వేలాడినప్పుడు ఆ గ్యాసు గాలిలోకి పోయి, సున్నం పొరలా మిగులుతుంది. సెంటీమీటరు పెరగడానికి వందేళ్ళు పట్టొచ్చు. చేతి జిడ్డు అంటితే ఆ పెరుగుదలా దెబ్బతింటుంది. దయచేసి ముట్టుకోకండి.

మెట్లెక్కలేక మా అత్తగారు అలిగారు గానీ, బయట మూడొందల బొంగు చికెన్‌తో అలక తీరింది. అరకులో రూమ్ పర్వాలేదు.

మర్నాడు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశాం. ఋషికొండ నుంచి రానూపోనూ ఆటో 600. ఆ ఆటో అతనికి ఎవరూ గైడు డబ్బులివ్వరు, అయినా ఒక గండి దగ్గర ఆపి, "చూడండి బాబూ, నిరుటి వానలకి ఈ గట్టు ఇంతమేర కోసుకుపోయింది" అని చేత్తో కొలిచి చూపించాడు. నేను దోసిట్లోకి తీసుకున్న ఇసుకలో ప్రతి రేణువుకీ ఎర్రటి పూత. ఈ చుట్టుపక్కల కొండల్లో ఉండే ఖొండలైట్ అనే రాయిలో గార్నెట్లనే ఎర్రటి ఖనిజాలుంటాయి. అవి శిథిలమైతే వాటిలోని ఇనుము తుప్పుపట్టి ఇసుకకి ఆ రంగు ఇస్తుంది. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అయినా గట్ల మీద ప్లాస్టిక్ సీసాలు! నీడ ఉండదు, పొద్దున్నే వెళ్ళండి. గట్ల అంచుమీద నిలబడి సెల్ఫీలు దిగకండి, ఆ మట్టి కాలు పెడితే జారిపోతుంది.