జబ్బకు అంటించే షుగర్ సెన్సర్: పాలమూరు ఎండల్లో రెండేండ్ల వాడకం

ఈ సెన్సర్ ఒకసారి అంటిస్తే 14 రోజులు పనిచేసే రకం. దీని గురించి ముందు తెలియాల్సింది, అది నేరుగా రక్తాన్ని కొలవదని. చర్మం కింద సుమారు 5 మిల్లీమీటర్లు దిగే సన్నని పోగు కణాల మధ్య ద్రవంలోని గ్లూకోజును చూస్తుంది. అందుకే వేలి పరీక్ష కన్నా 5 నుంచి 10 నిమిషాలు వెనక ఉంటుంది. తిన్నాక షుగర్ ఎక్కుతున్నప్పుడు రెండింటికీ తేడా వస్తే సెన్సర్ పాడైనట్టు కాదు. ఫోన్‌లో కనిపించే అంకె కన్నా దాని పక్కన, షుగర్ ఎటు పోతోందో చూపే బాణమే ఎక్కువ పనికొస్తుంది. 110 ఉండి బాణం కిందికి తిరిగితే, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు జాగ్రత్త పడాలి. ఒళ్లు వణుకుతూ, చెమటలు పడుతున్నా సెన్సర్ అంతా బాగుందంటే వేలి పరీక్షనే నమ్మాలి.

ఎండకాలమే అసలు పరీక్ష. ఇంకా వాడని సెన్సర్ పెట్టెను 4 నుంచి 25 డిగ్రీల మధ్య దాచాలి. మహబూబ్‌నగర్‌లో మే నెల ఎండ 40 దాటుతుంది. ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. మెడికల్ షాపులో కొన్నాక బండి డిక్కీలో వదిలేయొద్దు.

చెమటకు అంచులు లేవడం మామూలే. అంటించే రోజు జబ్బకు కొబ్బరినూనె, లోషన్ పూయొద్దు. స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడి తడి మీద అంటిస్తే జిగురు పట్టదు. పైన టేపు వేసేటప్పుడు నడుమనున్న చిన్న రంధ్రం మూయొద్దు. అంటించాక మొదటి గంట రీడింగ్ రాదు. మొదటి రోజు అంకెలు కాస్త అటూఇటూ ఊగుతాయి, వాటిని చూసి డోసు మార్చొద్దు.

నడిరాత్రి 55 అని అలారం మోగితే, వేలి పరీక్ష చేసుకుంటూనే ఏ పక్కకు పడుకున్నామో గుర్తు చేసుకోవాలి. సెన్సర్ మీద బరువు పడితే అక్కడ రక్తప్రసరణ తగ్గి, షుగర్ పడిపోకున్నా పడిపోయినట్టు చూపిస్తుంది. ఎటు తిరిగి పడుకునే అలవాటుందో దానికి ఎదుటి జబ్బకు అంటించడం మేలు.

సెన్సర్‌కూ ఫోన్‌కూ మధ్య బ్లూటూత్ తెగడానికి చాలాసార్లు కారణం మన ఒళ్లే. ఒంట్లోని నీరు ఆ తరంగాలను పీల్చుకుంటుంది. ఎడమ జబ్బకు సెన్సర్ ఉంటే ఫోన్ కూడా ఎడమ జేబులోనే పెట్టుకోండి. ఫోన్‌లో బ్యాటరీ పొదుపు నుంచి సెన్సర్ యాప్‌ను తప్పించాలి, లేకుంటే అలారం రాదు. సెన్సర్ 8 గంటల రీడింగులు దాచుకుంటుంది కాబట్టి అంతకు ముందే ఫోన్‌ను సెన్సర్ దగ్గర పెట్టి ఒకసారి స్కాన్ చేయాలి, లేదంటే గ్రాఫులో ఖాళీ మిగిలిపోతుంది. విటమిన్ సి మాత్రలు రోజుకు 500 మిల్లీగ్రాములు దాటితే అంకె అసలు కన్నా ఎక్కువ చూపొచ్చు. ఎమ్మారై తీయించే ముందు సెన్సర్ తీసేయాలి.

జొన్నరొట్టెతో షుగర్ పెరగదనే మాట గ్రాఫు ముందు నిలవలేదు. మూడు రొట్టెలు కొద్దిపాటి కూరతో తింటే గీత బాగానే లేస్తుంది. పప్పు, ఆకుకూర ఎక్కువ ఉన్నరోజు నెమ్మదిగా ఎక్కుతుంది.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు పెట్టిన పైసలు వసూలు. మాత్రలతో నిలకడగా ఉన్నవాళ్లకు ఏడాదికి రెండు సెన్సర్లు చాలు, డాక్టర్ దగ్గరికి పోయే రెండు వారాల ముందు. తీసేటప్పుడు మాత్రం అంచులకు కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగితే, తోలు లేవకుండా వస్తుంది.