కొత్తదని అమ్మిన పాత టైరు: స్పోర్ట్ టూరింగ్ టైర్లు కొనేవారికి ఒక హెచ్చరిక

110/70 ఆర్17, 150/60 ఆర్17 సైజుల్లో, అంటే డామినార్ 400, కేటీఎం 390 డ్యూక్ వంటి మోటారుసైకిళ్లకు, విదేశీ కంపెనీల స్పోర్ట్ టూరింగ్ టైర్లు (హైవే దూరాలకూ, ఘాట్ మలుపులకూ పనికొచ్చేవి) కొనాలని చూస్తున్నవారు డబ్బు చెల్లించే ముందు ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. 2023 చివరలో హైదరాబాదులోని ఒక టైర్ల దుకాణంలో నేను ఒక జత కొన్నాను. పాత టైరును కొత్తదని అమ్మే ఈ పద్ధతి ఆ ఒక్క చోటికే పరిమితం కాదు కనుక దుకాణం పేరు రాయడం లేదు. కొనే ముందు తయారీ తేదీ అడిగితే వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. అందులో 1423 అనే అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండు టైర్లూ ఒకే లాటులో వచ్చాయని కింద రాశారు కూడా. ఆ ఫొటో ముందు టైరుది. వెనక టైరు మీద ఉన్న అంకెలు 3218. అవి గొలుసు ఉన్న వైపు, స్ప్రాకెట్ మాటున పడేలా టైరు బిగించి ఉండటంతో, తర్వాత పంక్చర్ కోసం చక్రం విప్పినప్పుడు గానీ ఆ సంగతి బయటపడలేదు.

ఈ అంకెల అర్థం తెలియనివారి కోసం చెబుతున్నాను. టైరు పక్కగోడ మీద డాట్ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, కోలగా ఉన్న చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ఆ లెక్కన నా ముందు టైరు 2023 ఏప్రిల్ మొదట్లోది, వెనక టైరు 2018 ఆగస్టుది. అంటే కొత్తదని చెప్పి బండికి ఎక్కించేనాటికే దాని వయసు ఐదేళ్లు దాటింది. మోటారుసైకిల్ టైర్లలో చాలావాటికి ఈ అంకెలు ఒక వైపే ఉంటాయి. రెండో వైపు ఎంత వెతికినా దొరకవు. ఇది అమ్మేవారికి బాగా తెలిసిన విషయం.

దుకాణానికి తిరిగి వెళ్లి అడిగినప్పుడు వచ్చిన జవాబు కోసమే అసలు ఈ హెచ్చరిక రాస్తున్నాను. "గ్రిప్పు ఇంకా సగానికి పైనే ఉంది కదన్నా, ఇంత మంచిగ నడుస్తుంటే టైరుకేమైందంటవ్?" అన్నాడు యజమాని. గ్రిప్పు అంటే అతని ఉద్దేశం టైరు మీది గాడుల లోతు. ఆ మేరకు అతను చెప్పినది అబద్ధం కాదు. నడిచిన దూరానికి ఆ టైరు ఆశ్చర్యపడేంత తక్కువగా అరిగింది. కానీ నల్లమలలో దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపుల్లో, చిన్న జల్లు పడిన రోడ్డు మీద, గట్టిగా వంచకుండానే, బ్రేకు మీద కాలు పెట్టకుండానే వెనక చక్రం పక్కకు జారింది. అదే మలుపులో అదే జల్లులో ముందు టైరు మాత్రం గీత తప్పలేదు. తర్వాత రబ్బరు వస్తువుల కర్మాగారంలో పనిచేసే మిత్రుడొకరు గట్టితనం కొలిచే షోర్ మీటరు పెట్టి చూశారు. అదే మోడల్ కొత్త వెనక టైరుతో పోలిస్తే నా టైరు స్పష్టంగా గట్టిపడి ఉందని తేలింది. అది తక్కువగా అరగడానికీ, తడిలో జారడానికీ కారణం ఒక్కటే.

కర్మాగారంలో గంధకంతో ఉడికించి అచ్చు నుంచి తీసిన తర్వాత కూడా రబ్బరులో మార్పు ఆగిపోదు. వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ తగిలేకొద్దీ దాని పాలిమర్ గొలుసుల (పొడవైన అణువుల) మధ్య కొత్త ముడులు పడుతూ ఉంటాయి, మెత్తదనం కోసం కలిపిన నూనెలు మెల్లమెల్లగా బయటికి పోతూ ఉంటాయి. ఎండలో వదిలేసిన రబ్బరు చెప్పు బిరుసెక్కినట్టే టైరూ బిరుసెక్కుతుంది, అయితే నల్లగా నిగనిగలాడుతూ ఉండటం వల్ల కంటికి తెలియదు. ఓజోన్ వల్ల పగుళ్లు రాకుండా కలిపే మైనం, ఇతర రసాయనాలు టైరు తిరుగుతూ వంగుతూ ఉన్నప్పుడు బాగా పైకి వస్తాయి కనుక, ఏళ్ల తరబడి ర్యాకులో కదలకుండా పడి ఉన్న టైరుకు ఆ రక్షణ కూడా అంతంతమాత్రమే. పొడి రోడ్డు మీద రబ్బరుకు రోడ్డును అంటుకునే గుణం కొంత ఆదుకుంటుంది. తడి రోడ్డు మీద నీటి పొర అడ్డు రావడంతో ఆ గుణం చాలావరకు పోతుంది, ఇక మిగిలేది రోడ్డు మీది సన్నని గరుకుల్లోకి రబ్బరు ఒదిగి తిరిగి లేచే తీరులో పుట్టే పట్టు ఒక్కటే. గట్టిపడిన రబ్బరు ఒదగదు. స్పోర్ట్ టూరింగ్ టైర్లకు ఎక్కువ డబ్బు పెట్టేదే ఈ తడి పట్టు కోసం, చల్లని రోడ్డు మీద కూడా త్వరగా పనిచేయడం కోసం. కంపెనీలు వాటి మిశ్రమంలో సిలికా ఎక్కువగా కలిపేది కూడా అందుకే. ఆ గుణమే పోయాక ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) సగం మిగిలితే ఏమిటి, ముప్పాతిక మిగిలితే ఏమిటి?

ఇక మైలేజీ మాటలు. నాకు వెనక టైరు "ఇరవై వేల కిలోమీటర్లు గ్యారంటీ" అని చెప్పారు. ఆ గ్యారంటీ బిల్లు మీదికి మాత్రం రాలేదు. మోటారుసైకిల్ టైరు ఇన్ని కిలోమీటర్లు నడుస్తుందని చెప్పడానికి అందరూ ఒప్పుకున్న పరీక్ష గానీ, టైరు మీద ముద్రించే కొలమానం గానీ లేదు. అమెరికాలో ట్రెడ్ అరుగుదలకు ఇచ్చే అంకె కార్ల టైర్లకే వర్తిస్తుంది. ఐరోపాలో తడి పట్టుకు ఇచ్చే అక్షరపు లేబులు కూడా మోటారుసైకిల్ టైర్లకు లేదు. అందువల్ల దుకాణంలో వినిపించే ప్రతి అంకె ఎవరో ఒకరి అనుభవం, లేదా అమ్మకపు మాట. తోటి రైడర్ల నోట తరచుగా వినేది ఏమిటంటే, ఈ తరగతి బళ్ల మీద మంచి స్పోర్ట్ టూరింగ్ వెనక టైరు పది నుంచి పదిహేను వేల కిలోమీటర్ల వరకు వస్తుందని, ముందుది దానికన్నా కొంత ఎక్కువ నడుస్తుందని. మే నెల ఎండలో విజయవాడ హైవే మీద ఇద్దరు మనుషులు, రెండు సంచుల బరువుతో, గాలి తక్కువగా పెట్టుకుని నడిపేవారికి అది కూడా రాకపోవచ్చు.

పైగా హైవే ప్రయాణాల్లో వెనక టైరు అన్ని చోట్లా సమానంగా అరగదు. ఎక్కువ సమయం బండి నిటారుగానే నడుస్తుంది కాబట్టి నడుమ భాగం చదునైపోతుంది, అంచులు కొత్తవాటిలా ఉంటాయి. ఈ సమస్య కోసమే నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు వాడే పద్ధతి వచ్చింది. 2007లో వచ్చిన మిషెలిన్ పైలట్ రోడ్ 2 ఆ పద్ధతిని టూరింగ్ రైడర్లలో బాగా ప్రచారంలోకి తెచ్చింది. 2011లో వచ్చిన పైలట్ రోడ్ 3 ట్రెడ్‌లో సన్నని చీలికలతో తడి పట్టు మీద ఇంకా శ్రద్ధ పెట్టింది. ఎంత మంచి టైరైనా నడుమ చదునైన తర్వాత మలుపులోకి వంచేటప్పుడు ఒక అంచు మీదికి ఎక్కి దిగినట్టు అనిపిస్తుంది, బండి మొదట మొరాయించి తర్వాత ఒక్కసారిగా పడిపోతున్నట్టు వంగుతుంది. ఘాట్ రోడ్లలో నడిపేవారు గాడుల్లో ఉండే అరుగుదల గుర్తు దాకా ఆగకుండా ఆ దశలోనే టైరు మార్చడం మంచిదని నా అభిప్రాయం. టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి మీది స్టిక్కరులో ఉన్న అంకె ప్రకారం గాలి పెడితే ఈ చదును కొంత ఆలస్యంగా వస్తుంది. హైవే మీద ఆపి వేడి టైరులోంచి గాలి తీసే అలవాటు మాత్రం దాన్ని తొందరపెడుతుంది.

ఇంత పాత సరుకు మార్కెట్లో ఎందుకు తిరుగుతోందన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు 2020 జూన్‌లో ఉంది. కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆ నెలలో కొత్త టైర్ల దిగుమతిని స్వేచ్ఛా విభాగం నుంచి నియంత్రిత విభాగంలోకి మార్చింది. మోటారుసైకిల్ టైర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటి నుంచి లైసెన్సు ఉంటే తప్ప దిగుమతి లేదు. అడిగినవారికి అడిగిన మోడల్ దొరక్కపోవడంతో, అంతకు ముందు గోదాముల్లో మిగిలిన సరుకుకు కొత్త ధర, కొత్త గిరాకీ వచ్చాయి. 2018 టైరును 2023 ధరకు అమ్మగలగడం వెనక కథ ఇదే. అలాంటి టైరును పాతదని చెప్పి, ధర తగ్గించి అమ్మితే కొనేవారు కొంటారు, అందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు.

పాతదైనంత మాత్రాన ప్రతి టైరూ చెడిపోయినదని కూడా నేను అనడం లేదు. చీకటిగా, చల్లగా ఉన్న గదిలో, ఓజోన్ పుట్టించే విద్యుత్ మోటార్లకు దూరంగా నిలువుగా పెట్టిన టైరు రెండు మూడేళ్ల తర్వాత కూడా బాగానే పనిచేయవచ్చు. వాడుకలోకి వచ్చి ఐదేళ్లయిన టైరును ఏటా నిపుణుడికి చూపించమని, తయారై పదేళ్లయితే ఎలా ఉన్నా మార్చేయమని మిషెలిన్ సలహా. అయితే ఆ లెక్క సరిగా నిల్వ చేసిన టైరుకు. మన దగ్గర రేకుల షెడ్డులో, కంప్రెసర్ పక్కనే, ఎండ పడే చోట గుట్టగా పేర్చిన టైర్లకు ఆ లెక్కను వర్తింపజేయడం న్యాయం కాదు. నా టైరు ఎక్కడ నిల్వ ఉందని అడిగితే జవాబు రాలేదు.

కాబట్టి కొనేటప్పుడు ఫొటోతో సరిపెట్టుకోకండి. రెండు టైర్ల మీది అంకెలనూ రిమ్ముకు ఎక్కించకముందే మీ చేత్తో తడిమి చూడండి, ఆ అంకెలను, మోడల్ పేరును, సైజును, పక్కనే ఉండే బరువు, వేగపు గుర్తులను బిల్లు మీద రాయించండి. 66హెచ్ అని ఉంటే 300 కిలోల బరువు, గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు అని అర్థం. మీ బండి పుస్తకంలో అడిగిన దానికన్నా తక్కువ గుర్తు ఉన్న టైరును ఏ ధరకూ తీసుకోవద్దు. తిరిగే దిశ చూపే బాణం గుర్తు సరిగా ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. అంకెలు రాయడానికి ఒప్పుకోని దుకాణం నుంచి లేచి రావడమే మంచిది, ఎందుకంటే రాయకపోవడానికి మరో కారణం నాకు తోచడం లేదు. కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. అది సాధారణంగా తయారీ లోపాలకే వర్తిస్తుంది, అరుగుదలకు గానీ వయసు వల్ల గట్టిపడటానికి గానీ కాదు.

మోసపోయినట్టు తేలితే దారి లేకపోలేదు. పాత వస్తువును కొత్తదని అబద్ధం చెప్పి అమ్మడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంటోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం కింద అలాంటిదే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు, ఫలితం లేకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. వాట్సాప్ సంభాషణను చెరిపేయకండి. రెండు టైర్లూ ఒకే లాటు అని వారే రాసిన ఆ ఒక్క వాక్యం, బిల్లుతో కలిపి, ఇప్పుడు నా ఫిర్యాదుకు ఆధారం.

ఫిర్యాదు చేరిన తర్వాత దుకాణం వారు ఫోను చేసి, ఆ టైరు తమకు తిరిగి ఇస్తే ఎక్స్‌ఛేంజ్ కింద కొత్త టైరు ధరలో కొంత తగ్గిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ట్రెడ్ సగానికి పైగా ఉన్న టైరు సెకండ్ హ్యాండ్ బజారులో ఒక్క రోజు కూడా ఆగదు, దాన్ని కొనేవారు ట్రెడ్ చూస్తారే గానీ అంకెలు చూడరు. ఫిర్యాదు తేలేవరకు అది సాక్ష్యంగా నా దగ్గరే ఉంటుంది, తేలిన తర్వాత పక్కగోడ కోసి పారేస్తాను.