వార్డు కబురు తెలియాలంటే ఏది మేలు: పేపరా, కేబులా, వాట్సాప్ గ్రూపా?

భీమవరంలాంటి ఊళ్లో ఉండేవాళ్లకి ఢిల్లీ వార్త తెలియడం సులువు. పక్క వీధి వార్త తెలియడమే కష్టం. రేపు కుళాయి ఎన్నింటికి వస్తుంది, మన ఫీడర్‌కి, అంటే మన వీధులకి కరెంటు తెచ్చే లైనుకి, కరెంటు ఎప్పుడు తీస్తారు, తవ్వి వదిలేసిన డ్రెయిను పని మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది, మావుళ్లమ్మ ఉత్సవాలకి బళ్లు ఎటు మళ్లిస్తారు, ఫలానా మాస్టారు పోయారట నిజమేనా? రోజు గడవడానికి కావలసిన వార్తలు ఇవి. వీటిని మోసుకొచ్చే దారులు ఇప్పుడు నాలుగైదు ఉన్నాయి: పేపర్లో జిల్లా పేజీలు, లోకల్ కేబుల్ ఛానల్, కాలనీ వాట్సాప్ గ్రూపు, వార్డు సచివాలయం, ఎప్పుడూ ఉండే టీ కొట్టు. ఏది మేలంటే ఎక్కువమంది "గ్రూపు ఉండగా ఇంకేం కావాలండీ" అంటారు. నేను అంత తొందరగా ఒప్పుకోను. కబురు ఎంత వేగంగా వచ్చిందన్నది నాకు రెండో సంగతి. అది తప్పయితే ఎవరిని పట్టుకుని అడగొచ్చన్నది మొదటిది.

పేపరుతో మొదలుపెడతాను. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకో చిన్న సైజు అనుబంధం వేయడం మొదలుపెట్టాక తెలుగు పేపర్ల తీరే మారిపోయింది. అంతకుముందు మన వార్డు మురుగుకాలువ అచ్చులోకి ఎక్కాలంటే అందులో పడి ఎవరి ప్రాణమైనా పోవాలి. జిల్లా పేజీలు వచ్చాక వాటిని రోజూ నింపాలి కదా, మండలానికో విలేకరి కావలసి వచ్చాడు, పగిలిన పైపు కూడా ఫొటోకి పనికొచ్చింది. తర్వాత మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. 2008లో సాక్షి వచ్చేసరికి పోటీ ఇంకా ముదిరింది.

అచ్చులో పడిన ముక్కకి ఉన్న బలం వేరు. అది చెరిగిపోదు. మున్సిపల్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి బల్ల మీదికి ఆ కటింగ్ వెళ్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా ఫిర్యాదులు తీసుకునేటప్పుడు అర్జీ వెనక దాన్ని పిన్ను కొట్టి ఇచ్చేవాళ్లు ఉంటారు. ఫోన్ తీసి "చూడండి సార్, గ్రూపులో పెట్టారు" అంటే అధికారి నవ్వుతాడు గానీ, కటింగ్ చూస్తే తేదీ, పేజీ నంబరు చూస్తాడు. పైగా పేపర్ అన్నాక ఎడిటర్ పేరు, ప్రచురించినవాళ్ల పేరు, అచ్చువేసిన చోటు వేసి తీరాలని 1867 నుంచీ చట్టం ఉంది. ఆ పాత చట్టం పోయి 2023లో కొత్తది వచ్చినా పేపరుకి ఓ పేరూ అడ్రసూ ఉండడం మాత్రం మారలేదు. వార్త తప్పయితే నోటీసు పంపడానికి ఓ గుమ్మం ఉంది. సవరణ వేస్తారా, వేసినా ఏ మూల వేస్తారు అన్నది వేరే కథ.

ఇక లోపాలు. ఒకటి, రాత్రి అచ్చుకి వెళ్లాక జరిగింది ఎల్లుండికి గాని రాదు. రెండోది పెద్దది. ఊరి విలేకరుల్లో చాలామందికి జీతమంటూ ఉండదు, అచ్చయిన వార్తల కొలతకి వచ్చేది టీ ఖర్చులకే సరి. ప్రకటనలూ వాళ్లే తేవాలి. నాయకుడి పుట్టినరోజుకి శుభాకాంక్షల ప్రకటన అడగాల్సిన మనిషి, ఆ నాయకుడి అనుచరుడు కట్టిన అక్రమ గోడ గురించి ఎంత గట్టిగా రాస్తాడు? అందుకని విలేకరిని తిట్టాలనిపించదు నాకు. పేపర్ని చదివే పద్ధతి మార్చుకోవాలి. ఒకే డ్రెయిను ఒక పేపర్లో "పట్టించుకోని అధికారులు" అవుతుంది, ఇంకో పేపర్లో "శరవేగంగా పనులు" అవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే డ్రెయిను ఎక్కడిదాకా తవ్వారో తెలుస్తుంది. రెండు పేపర్లు ఎవరు కొంటారంటారా, మంగలి షాపులు ఎందుకున్నాయి!

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమయ్యాక ఇంకో తమాషా జరిగింది. ఊరి పేరు పేజీల్లో పెరిగింది, ఊరి వార్త తగ్గింది. కలెక్టర్ గారి సమీక్ష, ఎస్పీ గారి ప్రెస్ మీట్, మంత్రి గారి రాక, అన్నీ "భీమవరం" అనే మొదలవుతాయి. వన్ టౌన్‌లో నీళ్లు ఎందుకు రంగు మారాయో చెప్పే నాలుగు లైన్లు మాత్రం మూడో పేజీ అడుక్కి జారాయి. ఏలూరు కేంద్రంగా ఉన్నప్పుడు మన నాలుగు లైన్లకే నయం అనిపిస్తుంది ఒక్కోసారి.

కేబుల్ ఛానల్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సంక్రాంతికి మొదలయ్యే మావుళ్లమ్మ ఉత్సవాలు, గునుపూడి సోమేశ్వరస్వామి గుడిలో కార్తీక సోమవారాలు, స్కూలు వార్షికోత్సవంలో మనవరాలి డాన్సు ఇంట్లో కూర్చుని చూడాలంటే దీన్ని మించింది లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇదే ఊరు. కింద పరుగెత్తే అక్షరాల్లో ఇల్లు అద్దెకు, కనబడుట లేదు, సంతాపం అన్నీ వస్తాయి. 1995 చట్టం ప్రకారం ఆపరేటర్ రిజిస్టర్ కావాలి కాబట్టి మనిషి ఎవరో అందరికీ తెలుసు, అడగొచ్చు. అయితే సాయంత్రం చూపించింది మర్నాటికి ఉండదు, ఎవరు డబ్బు కడితే వాళ్ల సభే గంటసేపు నడుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, గాలివానకి కరెంటు పోతే కబురు ఎక్కువ కావలసిన ఆ పూటే అదీ పోతుంది.

గ్రూపు సంగతికొస్తే, దాని మంచి చెప్పకుండా చెడ్డ చెప్పడం అన్యాయం. వేసవిలో అది లేకపోతే నిజంగా కష్టం. మన డెల్టా ఊళ్లకి తాగునీళ్లంటే గోదావరి కాలవ నీళ్లే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసిన నాటి నుంచీ పొలానికీ బిందెకీ అదే ఆధారం. దాళ్వా, అంటే రబీ వరి, కోత దశకొచ్చాక మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. ఆలోపే మున్సిపాలిటీ సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులు నింపుకోవాలి. మళ్లీ జూన్‌లో కాలవలు వదిలేదాకా ఆ నిల్వనే పొదుపుగా వాడాలి. అప్పుడు కుళాయి టైములు మారతాయి, ఒత్తిడి తగ్గుతుంది, చివరి ఇళ్లకి ఎక్కదు. "మా వైపు వదిలారండీ", "మాకింకా రాలేదు, మోటార్లు ఆపండి బాబూ", "ట్యాంకరు గుడి దగ్గర ఉంది" అనే కబురు ఏ పేపరూ తేలేదు, ఏ ఛానలూ చూపించలేదు. కరెంటు కూడా అంతే. ఉదయం ఫలానా ఫీడర్‌లో చెట్ల కొమ్మలు కొడతారని పేపర్లో ఒక కాలమ్ ముక్క వస్తుంది. నిజంగా తీశారా, ఎన్నింటికి ఇచ్చారన్నది గ్రూపే చెబుతుంది. ఇవ్వకపోతే మాత్రం గ్రూపులో అరిచి లాభం లేదు, 1912కి ఫోన్ చేయాలి. నలభై మంది "మాకూ లేదు" అని రాసి ఒక్కరూ ఫోన్ చేయని రాత్రులు మా వీధికి బాగా అలవాటే.

చెడ్డ ఎక్కడంటే, ఆ మాట ఎవరిదో తెలియకపోవడంలో. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ తెలుగు జిల్లాలన్నిటా మెసేజీలు తిరిగాయి. కొత్త మనిషి కనిపిస్తే చాలు, కొట్టేశారు. దేశంలో చాలాచోట్ల ఇలా ప్రాణాలు పోయాక, ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చాట్లకి మించి పంపకుండా ఆపింది. ఇప్పుడు బాగా చేతులు మారిన మెసేజీ మీద రెండు బాణాల గుర్తు పడుతుంది. ఆ గుర్తున్నది వార్డు వార్త అయ్యే అవకాశం దాదాపు లేదు. మన వీధి కుళాయి గురించి అన్ని ఊళ్ల వాళ్లు ఎందుకు పంపుకుంటారు?

అడ్మిన్‌ని అడుగుదామా అంటే, సభ్యులు పెట్టిన పోస్టుకి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. నాకూ అది సబబే అనిపిస్తుంది, పాపం పక్కింటాయన ఏదో మంచికని గ్రూపు పెట్టి కేసుల్లో ఎందుకు ఇరుక్కోవాలి? అయితే అప్పుడు అడగడానికి మిగిలేదెవరు? పేపరుకి ఉన్న గుమ్మం ఇక్కడ లేదు.

2022 మే 24న, జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగి ఇళ్లు తగలబడ్డప్పుడు కోనసీమలో కొన్ని రోజులపాటు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. కబురు కోసం ఒక్క గ్రూపునే నమ్ముకున్నవాళ్లకి, కావలసినప్పుడే ఏమీ తెలియకుండా పోయింది. ఇంకో మాట ఎవరూ అనరు గానీ, కాలనీ గ్రూపు అంటే సొంతిళ్లవాళ్ల గ్రూపే. అద్దెకున్నవాళ్లని "ఎలాగూ మారిపోతారు" అని కలపరు. తెల్లారకుండానే రొయ్యల ప్లాంటు బస్సెక్కే ఆడవాళ్లు అందులో ఉండరు. నీళ్ల టైము మారిందని అందరికన్నా ముందు తెలియాల్సింది వాళ్లకి.

సచివాలయం మాట అధికారికం. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలైనప్పుడు యాభై నుంచి వంద ఇళ్లకో వాలంటీరు గుమ్మంలోకి వచ్చి కబురు చెప్పేవారు. ఇప్పుడు వాలంటీర్లు లేరు, పింఛను ఇవ్వడానికి 1వ తేదీన సచివాలయం సిబ్బందే వస్తున్నారు. వాళ్లని ఆపి అడిగితే కొన్ని సంగతులు తెలుస్తాయి. సర్టిఫికెట్లకీ బిల్లులకీ 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ ఉంది, 9552300009 నంబరుకి హాయ్ అని పెడితే సరిపోతుంది. పని మొదలైందని చెప్పడం ప్రభుత్వానికి ఇష్టం, ఆగిపోయిందని చెప్పడం ఇష్టం ఉండదు. అందుకని ఇది సగం వార్తే. కౌన్సిలర్ ఉంటే ఆ రెండో సగం కోసం ఇంటిమీదికి వెళ్లి అడిగేవాళ్లం. 2021 మార్చిలో రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు భీమవరంలో జరగలేదు. అలా ఆ గుమ్మమూ మూసుకుంది.

ఒక్క విషయంలో మాత్రం అధికారిక మాట తప్ప ఇంకేదీ వినకూడదంటాను. వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో ఆ లెక్కలు 43, 48, 53. పైన అక్కడ పెరిగితే దాదాపు మర్నాటికి ఇక్కడ తెలుస్తుంది. 2022 జూలైలో భద్రాచలం 71.3 అడుగులకి చేరినప్పుడు, పాత వరద వీడియోలు కొత్తవిగా తిరిగాయి. ఆచంట, యలమంచిలి లంకల్లో చుట్టాలున్నవాళ్లు ఆ వీడియోలు చూసి ఒకటే టెన్షన్. అంకె చూడండి, వీడియో వద్దు. అనుమానముంటే ఫోన్ చేయడానికి 1070 ఉంది, 112 ఉంది.

టీ కొట్టుని చులకన చేయను. పని ఎందుకు ఆగిందో అక్కడే తెలుస్తుంది. "బిల్లు అవ్వలేదటండీ, అందుకే జేసీబీ తీసుకెళ్లిపోయేడు" అనే మాట ఏ పేపర్లోనూ రాదు, తరచూ నిజమవుతుంది. అయితే అన్నవాడిని మర్నాడు అడిగితే "నేనెప్పుడన్నాను" అంటాడు.

ఇన్నిట్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను పేపర్నే ఎంచుకుంటాను, జిల్లా పేజీలు ఎంత పలచబడ్డా సరే. రెండు ఎంచుకోవచ్చంటే పక్కన ఒక చిన్న గ్రూపు పెట్టుకుంటాను. చిన్నది అంటే నిజంగా చిన్నదే. వాట్సాప్ 1024 మందిని చేర్చుకోనిస్తుంది గానీ, ముప్ఫై నలభై ఇళ్లు దాటితే అది ఊరి సంత అయిపోతుంది: గుడ్ మార్నింగులు, పార్టీ గొడవలు, ఫ్లాట్ల అమ్మకాలు. ముప్ఫై ఇళ్లలో అబద్ధం రాసినవాడు సాయంత్రం మన ఎదురుగానే నడిచి వెళ్తాడు, అదే వాడికి అడ్డు.

మా వీధి గ్రూపులో ఈ మధ్య ఒక కట్టుబాటు పెట్టారు. నీళ్లూ కరెంటూ గురించి రాస్తే ఎవరు చెప్పారో కూడా రాయాలి: నీళ్లు వదిలే అబ్బాయా, లైన్‌మనా, పేపరా, లేక ఊరికే "అంటున్నారు" అనే మాటా. అద్దెవాళ్లనీ కలిపారు, ఇల్లు మారినప్పుడు వాళ్లే తప్పుకుంటున్నారు. మెసేజీలు సగానికి సగం తగ్గాయి. ఒకరిద్దరు పెద్దవాళ్లకి కోపం వచ్చి గ్రూపులోంచి వెళ్లిపోయారు, మళ్లీ ఏప్రిల్‌లో కాలవలు కట్టగానే వచ్చి చేరారు.