ఏడు వారాల వాడకం: స్క్రీన్ బాగుంది, నా కళ్లకే పడలేదు

కొత్త ఫోన్ తీసుకుని ఏడు వారాలైంది. మొదటి వారంలో రాసుంటే అన్నీ పొగడ్తలే రాసేదాన్ని, మూడో వారంలో రాసుంటే అన్నీ తిట్లే. ఇప్పుడు రెండూ కాస్త చల్లారాయి.

నేను ప్రూఫులు దిద్దుతాను. రోజంతా అక్షరాలతోనే పని, అందులో సగం ఫోన్‌లోనే. మర్నాడు దిద్దాల్సిన పేజీల్ని రాత్రి పడుకునే ముందు ఓసారి తిరగేయడం పదేళ్ల అలవాటు. కాబట్టి గేములు ఎలా ఆడుతున్నాయో నన్ను అడగొద్దు, నేను ఆడలేదు. మోడల్ పేరు కూడా రాయడం లేదు. నేను చెప్పే మంచీ చెడూ ఈ తరగతి ఫోన్లలో ఇంకా చాలావాటికి ఉన్నవే. అవేమిటో తెలిస్తే ఏ ఫోన్ కొనేటప్పుడైనా అడిగి చూసుకోవచ్చు.

ముందు బ్యాటరీ సంగతి, ఎందుకంటే అది నిజంగా నా రోజును మార్చేసింది. పాత ఫోన్‌లో 4,000 ఎంఏహెచ్ ఉండేది, నాలుగేళ్లలో అదీ అరిగిపోయి సాయంత్రం ఐదయ్యేసరికి చార్జర్ కోసం వెతుక్కునేదాన్ని. ఇందులో 6,000. పొద్దున ఆరున్నరకి ప్లగ్ తీస్తే రాత్రి పదకొండుకి కూడా 40 శాతం పైనే ఉంటోంది. ఇంత బ్యాటరీ పెట్టినా ఫోన్ లావుగా లేకపోవడానికి కారణం సిలికాన్-కార్బన్ బ్యాటరీ. మామూలు లిథియం బ్యాటరీల్లో ఒక ధ్రువాన్ని గ్రాఫైట్‌తో చేస్తారు. గ్రాము గ్రాఫైట్ 372 ఎంఏహెచ్ వరకే దాచుకోగలదు, సిలికాన్ దాదాపు పది రెట్లు దాచుకుంటుంది. కాకపోతే చార్జ్ ఎక్కేకొద్దీ సిలికాన్ విపరీతంగా ఉబ్బుతుంది, అందుకే కార్బన్‌తో కలిపి కొద్ది పాళ్లలోనే వాడతారు. నేను 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగిపోయే సెట్టింగ్ పెట్టుకున్నాను. అలా పెట్టినా రోజు గడిచిపోతోంది.

చార్జర్ దగ్గర మాత్రం కొంచెం కోపం వచ్చింది. పెట్టెలో ఇచ్చిన చార్జర్‌తో ముప్పావు గంటలో నిండిపోతుంది. లాప్‌టాప్ చార్జర్ కూడా 65 వాట్లదే కదా అని దానితో పెడితే రెండు గంటలు పట్టింది. ఫాస్ట్ చార్జింగ్‌కి కంపెనీ తన సొంత పద్ధతి పెట్టుకుంది, వేరే చార్జర్ కనబడితే ఫోన్ నెమ్మదిగానే తాగుతుంది. ఊరెళ్లినప్పుడు ఆ చార్జర్ మర్చిపోతే అంతే సంగతులు. కింద ఉన్న పోర్ట్ టైప్-సి, కానీ లోపల వేగం యూఎస్‌బీ 2.0ది. ఆ ప్రమాణం 2000లో వచ్చింది. 60 జీబీ ఫోటోలు లాప్‌టాప్‌లోకి పంపడానికి అరగంట పట్టింది. ఈ రోజుల్లో ఇది అన్యాయం.

ఇక స్క్రీన్. ఓఎల్ఈడీ, అంటే ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే రకం, 120 హెర్ట్జ్. నలుపు అంటే కాటుక నలుపు. ఎండలో నిలబడి చదివినా అక్షరం చెదరదు. పేజీ జరిపితే వెన్నలా జారుతుంది. మొదటి మూడు రోజులు పని లేకపోయినా పేజీలు పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాను.

నాలుగో రోజు రాత్రి ఎడమ కనుబొమ్మ పైన నొప్పి మొదలైంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. మర్నాడూ అదే. రెండో వారానికి ఒక లెక్క దొరికింది: పగలు రెండు గంటలు చదివినా ఏమీ కావడం లేదు, రాత్రి లైటు తీసేసి వెలుగు బాగా తగ్గించి ఇరవై నిమిషాలు చూస్తే చాలు, నొప్పి. కళ్ల డాక్టరు అద్దాల నంబరు మారలేదన్నారు.

కారణం స్క్రీన్ వెలుగు తగ్గించే తీరులో ఉంది. చాలా ఓఎల్ఈడీ స్క్రీన్‌లు వెలుగు తగ్గించాలంటే దీపాన్ని నిజంగా మందగించవు. చాలా వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటాయి. ఆరి ఉండే సమయం పెరిగేకొద్దీ మన కంటికి మసగ్గా కనిపిస్తుంది. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. నా ఫోన్‌ది 480 హెర్ట్జ్, అంటే సెకనుకు 480 సార్లు. 120 హెర్ట్జ్ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసేది వేరు, అది బొమ్మ మారే వేగం. ఈ 480 ఎక్కడా వేయరు. ఎల్ఈడీ దీపాల మినుకు గురించి 2015లో ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ ఇచ్చిన సిఫార్సుల ప్రకారం, పూర్తిగా వెలిగి పూర్తిగా ఆరే దీపమైతే 1,250 హెర్ట్జ్ దాటాక ముప్పు తక్కువ, 3,000 దాటితే ప్రభావం కనబడదు. 2,000 దాటిన స్క్రీన్‌లతో కూడా ఫోన్లు వస్తున్నాయి. కావాలంటే చేయగలరన్నమాట.

అందరికీ ఇలా అవుతుందని చెప్పను. మా తమ్ముడు ఇదే ఫోన్ చీకట్లో రెండు గంటలు చూసి హాయిగా నిద్రపోయాడు. కానీ పడనివాళ్లకు అసలు పడదు. మీరు ఏ కోవలో ఉన్నారో కొనేముందు తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కొనాలనుకున్న ఫోన్‌లో తెల్లటి పేజీ తెరిచి వెలుగు బాగా తగ్గించండి. మీ చేతిలో ఉన్న ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి) పెట్టి, షట్టర్‌ని సెకనులో 1/4000 వంతుకి మార్చి ఆ స్క్రీన్ వైపు చూపించండి. నా కొత్త ఫోన్ మీద లావుపాటి నల్లటి పట్టీలు నిచ్చెన మెట్లలా కనబడ్డాయి. పాత ఎల్‌సీడీ ఫోన్ మీద ఒక్క పట్టీ లేదు. పట్టీలు లావుగా, చిక్కగా ఉంటే ఆ ఫోన్‌లో కనీసం అరగంట ఏదైనా చదివి చూడండి. నాకు ఈ పరీక్ష తెలిసేసరికి వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది.

కొంత ఉపాయం ఉంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఎక్స్‌ట్రా డిమ్ అనే సెట్టింగ్ ఉంటోంది. అది దీపం జోలికి పోకుండా బొమ్మనే మసక చేస్తుంది. వెలుగును సగం దాకా పెంచి, ఆ పైన ఎక్స్‌ట్రా డిమ్ వేస్తే, దీపం ఎక్కువసేపు వెలిగే ఉంటుంది, రంగులు మాత్రం మసకబారతాయి. నొప్పి సగానికి సగం తగ్గింది, పూర్తిగా పోలేదు.

నా వృత్తి వల్ల కనబడిన ఇంకో లోపం చెప్పాలి. ఫాంట్ సైజు ఒక మెట్టు పెంచగానే నోటిఫికేషన్లలో తెలుగు ఒత్తులు కిందికి తెగిపోతున్నాయి. తమ్ముడు పంపిన "వస్తున్నాను" నాకు "వసునాను" అని కనబడింది. సకారం కింద పడాల్సినదీ, నకారం కింద పడాల్సినదీ రెండూ గీత గీసి కోసేసినట్టు మాయం. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసుకుని వరుసల మధ్య జాగా వదిలితే ఇలాగే ఉంటుంది. ఒత్తు లేకపోతే మాటే మారిపోతుందని ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఒక్క తెలుగు మనిషిని అడిగి ఉంటే తెలిసేది. ఫీడ్‌బ్యాక్ పంపాను, రెండు అప్‌డేట్లు వచ్చాయి, ఒత్తులు ఇంకా రాలేదు.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే స్క్రీన్ ఆరిపోవడానికి ఇదివరకు విడిగా ఒక సెన్సార్ ఉండేది. ఇందులో అది తీసేసి సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొస్తున్నారు. మాట్లాడుతుండగా చెంప తగిలి మ్యూట్ పడిపోతోంది. వారానికి రెండుమూడు సార్లు అవతలివాళ్లు "హలో, హలో" అంటూనే ఉంటారు. బరువు 212 గ్రాములు, పాతది 168. పడుకుని చదివితే చిటికెన వేలికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

కెమెరా పగటి వెలుగులో చాలా బాగుంది. 50 మెగాపిక్సెల్స్ అంటారు గానీ నాలుగేసి పిక్సెల్స్‌ని కలిపి ఒకటిగా చేసి 12.5 మెగాపిక్సెల్స్ బొమ్మే ఇస్తుంది. అందువల్ల మసక వెలుతురులోనూ బొమ్మలో ఇసక చల్లినట్టుండే చుక్కలు తక్కువ. బొమ్మకు మెరుగులు దిద్దడంలోనే అతి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుంటే పోర్ట్రెయిట్ మోడ్‌లో తీశాను. బ్యూటీ సెట్టింగులన్నీ ముందే తీసేశాను. అయినా నుదుటి గీతలు, కళ్ల చివరి ముడతలు ఇస్త్రీ చేసినట్టు చదునైపోయాయి. అమ్మ చూసి "ఇదెవరే?" అంది. ఇంకా దగ్గరికి లాగి చూస్తే సూది ఉంది, దారం లేదు. దారాన్ని కూడా వెనకున్న గోడతో కలిపి మసక చేసేసింది. బాగా దగ్గర్నుంచి తీయడానికి రెండు మెగాపిక్సెల్స్ మాక్రో కెమెరా ఒకటి ఉంది, లెక్కకే.

అప్‌డేట్లు 4 ఆండ్రాయిడ్ వెర్షన్లు, 6 ఏళ్ల సెక్యూరిటీ అని మాటిచ్చారు. 2023 అక్టోబరులో పిక్సెల్ 8తో గూగుల్ ఏడేళ్లు అన్నాక ఇది గొప్ప కాదు, తక్కువా కాదు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటానా? పగలే వాడేవాళ్లయితే, బ్యాటరీ ముఖ్యమైతే నిశ్చింతగా కొనుక్కోండి. రాత్రిళ్లు చీకట్లో చదివేవాళ్లయితే పట్టీల పరీక్ష చేయకుండా కొనొద్దు. నేనైతే కొనను, ఇదే కంపెనీ మినుకు వేగం ఎక్కువున్న స్క్రీన్ పెడితే మాత్రం పరుగెత్తి కొంటాను.

పోయిన వారం పాత ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయించాను. రాత్రి పేజీలు ఇప్పుడు దాంట్లోనే చదువుతున్నాను, నాలుగు రోజులుగా కనుబొమ్మ పైన నొప్పి లేదు. అమ్మ ఫోటో మాత్రం కొత్తదాంట్లోనే, ప్రో మోడ్‌లో రా ఫైల్‌గా, అంటే ఫోన్ మెరుగులు దిద్దని బొమ్మగా, మళ్లీ తీశాను. దారం కనబడుతోంది, ముడతలు కూడా.