దేవమాలి ఎక్కి దిగాకే ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి డబ్బు కట్టాం

మేం మొత్తం ఎనిమిది మందిమి, రాయగడ నుంచి ఐదుగురు, పర్లాకిమిడి నుంచి ముగ్గురు. అందరిలో చిన్నవాడు మా ఆడపడుచు కొడుకు, వాడికి 22. పెద్దవారు మా బావగారు, ఆయనకి 58. అక్టోబర్‌లో నేపాల్ వెళ్ళి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడవాలని నిరుడు సంక్రాంతికి అందరం కలిసినప్పుడు అనుకున్నాం. అనుకోవడం ఒక్క పూటలో అయిపోయింది కానీ ఏర్పాట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఈలోపు మేం తిరిగిన కొండలు, దిగిన గదులు, మాట్లాడిన ఏజెన్సీలు ఎలా ఉన్నాయో రాస్తున్నాను. ఒడిశా సరిహద్దులో ఉన్న మనవాళ్ళకీ, సాలూరు, పార్వతీపురం, పలాస వైపు వాళ్ళకీ పనికొస్తుంది.

మొదటి ప్రాక్టీస్‌కి మహేంద్రగిరి వెళ్ళాం. గజపతి జిల్లాలో 1501 మీటర్ల కొండ, పైన కుంతి, భీముడు, యుధిష్ఠిరుడి పేర్లతో పాత గుళ్ళు ఉన్నాయి, శివరాత్రికి మన శ్రీకాకుళం వైపు నుంచి జనం బాగా వస్తారు. నడక ప్రాక్టీస్ కోసం వెళ్ళేవాళ్ళు ఆ రోజుల్లో వద్దు, దారంతా కిటకిటలాడుతుంది. ముందు రోజు రాత్రి పర్లాకిమిడి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జీలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే, కానీ వేడినీళ్ళు ఉంటాయని ఫోన్‌లో చెప్పి తీరా వెళ్ళాక గీజర్ పాడైందన్నారు. మాకు అసలు కావాల్సింది తెల్లవారుజామున నాలుగింటికి గేటు తీసే మనిషి, ఆ విషయం ముందే మాట్లాడుకోకపోవడం వల్ల అరగంట తలుపు కొడుతూ నిలబడ్డాం. నడకకి వెళ్ళేవాళ్ళు గది అద్దె కంటే ముందు ఈ సంగతి అడగండి.

ఆ రోజు కొండ మీద జరిగింది నాకు ఇప్పటికీ మర్చిపోవడం కష్టం. సగం దూరం వెళ్ళేసరికి కుర్రాళ్ళిద్దరూ ముందుకెళ్ళిపోయారు, బావగారు వెనకబడ్డారు, మధ్యలో మేం ఎవరితో నడవాలో తెలియక సాగదీసుకుంటూ పోయాం. ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది, పది అడుగుల దూరంలో మనిషి కనపడడం లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. దారి రెండుగా చీలిన చోట బావగారు ఎటొచ్చారో తెలియక దాదాపు గంటసేపు అరుచుకుంటూ వెతికాం. ఆయన తెలివిగా ఒక బండ మీద కూర్చుని కదలకుండా ఉన్నారు కాబట్టి సరిపోయింది. "మీరంతా వెళ్ళిపోయారేమో, నేనే దిగిపోదామనుకున్నాను" అన్నారు. ఆ మాటకి మా ఆడపడుచు ఏడ్చేసింది.

మర్నాడు రాయగడలో కూర్చుని నియమాలు పెట్టుకున్నాం. అందరిలో నెమ్మదిగా నడిచే మనిషి ముందు నడవాలి, గట్టిగా నడిచేవాడు చివర ఉండాలి, అందరి మెడలో విజిల్ ఉండాలి, చీలిక వచ్చిన ప్రతి చోటా ఎనిమిది మందీ కలిసేదాకా ఎవరూ కదలకూడదు. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే దాచకుండా చెప్పాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే కష్టం కూడా, ఎందుకంటే మనవాళ్ళు "నా వల్ల అందరికీ ఇబ్బంది" అని తలనొప్పి కూడా దాచుకుంటారు.

రెండో ప్రాక్టీస్ దేవమాలి. కోరాపుట్ జిల్లాలో 1672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. సాలూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి దాటి సెమిలిగుడ చేరితే సరిపోతుంది. మేం రాయగడ నుంచి రైల్లో కోరాపుట్ వెళ్ళాం, ఆ లైన్‌లో సొరంగాలు, లోయలు చూస్తూ పోవడమే ఒక పండగ. కొండ పైదాకా దాదాపు బండి వెళ్తుంది, కానీ మేం ఇద్దరి బ్యాగులు తప్ప అన్నీ భుజాన వేసుకుని కింద నుంచి నడిచాం.

ఇక్కడ రెండు రాత్రులు రెండు చోట్ల ఉన్నాం. మొదటి రాత్రి కొండ దిగువన ఒక టెంట్ క్యాంప్. తెల్లారాక మేఘాలు మన కాళ్ళ కింద తేలుతుంటే చూడడం నిజంగా గొప్పగా ఉంటుంది, దానికి వంక పెట్టలేను. కానీ టెంట్ లోపల తేమ కారి స్లీపింగ్ బ్యాగులు తడిశాయి, బాత్రూం చాలా దూరం, రాత్రి భోజనం అద్దెలోనే అని చెప్పి పొద్దున్న బిల్లులో విడిగా వేశారు. అడిగితే "అది వేరే" అని తప్ప ఇంకో మాట లేదు. రెండో రాత్రి సెమిలిగుడలో మామూలు లాడ్జీ, చూడ్డానికి ఏమీ లేదు, కానీ బకెట్‌తో వేడినీళ్ళు, తెలుగు మాట్లాడే ఓనరు, చెప్పిన రేటుకి ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. కుటుంబంతో వెళ్తే నేను లాడ్జీకే ఓటేస్తాను. దారిలో ఒక ఊళ్ళో ఒకావిడ మాకు మండియా పేజ్ పోసింది, అంటే మన చోడంబలే, ఎండలో నడిచి వచ్చాక అది తాగితే ప్రాణం లేచొచ్చింది. డబ్బులిస్తే చాలాసేపు వద్దంది.

దిగేటప్పుడు మా మేనల్లుడి కొత్త బూట్ల సోల్ ఊడి చేతికొచ్చింది. ఎప్పటి స్టాకో అంటగట్టారు. ఇక్కడ ఊడింది కాబట్టి ఆ రోజే చెప్పులు కొనుక్కుని ఇంటికొచ్చాడు, నాలుగు వేల మీటర్ల మీద ఊడితే ఏం చేసేవాడో ఆలోచిస్తేనే భయం వేస్తుంది. మా ఆయన గోళ్ళు నల్లబడ్డాయి, అరసైజు పెద్దవి తీసుకోవాలని అప్పుడు తెలిసింది. చలి కోట్లు, దళసరి స్లీపింగ్ బ్యాగులు మాత్రం ఇక్కడ కొనకండి, ఖాట్మండులోని థామెల్ బజారులో అద్దెకి దొరుకుతాయి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. దేవమాలి కాళ్ళకి, బూట్లకి, గుంపుకి పరీక్షే కానీ ఎత్తుకి కాదు. బేస్ క్యాంప్ 5364 మీటర్లు, అక్కడ మనకి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగం. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాడికి కూడా తలనొప్పి, వాంతులు రావచ్చు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే పెంచకూడదని, మూడు నాలుగు రోజులకి ఒక రోజు ఆగాలని డాక్టర్లు చెప్తారు.

అందుకే ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు మొదట ధర చూడలేదు, ఎక్కడ ఎన్ని రాత్రులో చూశాం. ముగ్గురితో మాట్లాడాం. ఒకరు చాలా తక్కువ రేటు చెప్పారు, చూస్తే దారిలో ఆగే ఊళ్ళలో 3440 మీటర్ల నామ్చేలో ఒక్క రాత్రే పెట్టారు, 4410 మీటర్ల డింగ్‌బోచేలోనూ అంతే. "మీవాళ్ళు ఫిట్‌గా ఉన్నారుగా" అన్నాడు ఫోన్‌లో అబ్బాయి. వద్దనుకున్నాం. ఇంకొకరు పోర్టర్ ఎంత బరువు మోస్తాడు, అతనికి ఇన్సూరెన్స్ ఉందా అంటే మాట మార్చారు. మన సామాను మోసే మనిషి గురించి జవాబు చెప్పలేని వాళ్ళకి మన ప్రాణం ఎలా అప్పగిస్తాం? మూడో వాళ్ళు రెండు చోట్లా రెండేసి రాత్రులు పెట్టారు, ఇద్దరికి ఒక పోర్టర్ అన్నారు, ఎవరికైనా బాగోలేకపోతే దించే నిర్ణయం గైడ్‌దే, బేరం ఉండదని ముందే రాసిచ్చారు. రేటు ఎక్కువే, అయినా వాళ్ళకే అడ్వాన్స్ కట్టాం.

కాగితాల దగ్గర మనకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు కానీ విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ పనికిరాదు. ఒడిశాలో పుట్టిన తెలుగువాళ్ళ పేర్లు ఒక్కో కార్డులో ఒక్కోలా ఉంటాయి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, లక్ష్మి ఒక కార్డులో లఖ్మి. మా ఆడపడుచు పేరు సరిచేయించడానికే రెండు నెలలు పట్టింది. టికెట్ మీద పేరు, చూపించే కార్డు మీద పేరు ఒకటే ఉండాలి, దీన్ని ఆఖరికి వదిలేయకండి.

నడక మొదలయ్యేది లుక్లా నుంచి. సీజన్‌లో అక్కడికి వెళ్ళే విమానాలు చాలావరకు ఖాట్మండు నుంచి కాకుండా రామేఛాప్ నుంచి ఎగురుతాయి, అంటే అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు రోడ్డు ప్రయాణం. వాతావరణం బాగోక విమానాలు ఆగిపోవడం మామూలే, అందుకని చివర్లో రెండు రోజులు ఖాళీగా ఉంచుకున్నాం. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బాగోలేకపోతే హెలికాప్టర్‌లో దించే ఖర్చు ఇస్తారా, ఎంత ఎత్తు వరకు ఇస్తారు అన్న రెండూ చదవండి, బేస్ క్యాంప్ ఎత్తు దాకా వర్తించని పాలసీ పైన ఎందుకూ పనికిరాదు.

బావగారికి బీపీ ఉంది. డాక్టర్ దగ్గర అన్ని పరీక్షలూ చేయించాం, వెళ్ళొచ్చన్నారు, ఎత్తు వల్ల జబ్బు చేయకుండా వేసుకునే మాత్ర సంగతి కూడా ఆయన్నే అడిగాం, సల్ఫా మందులు పడని వాళ్ళు అది సొంతంగా వేసుకోకూడదు. నామ్చేలో ఆయనకి బాగోలేకపోతే మా ఆయన ఆయనతో పాటు దిగిపోవాలని ఇప్పుడే ఒప్పుకున్నాం, ఆ ఖర్చు ఎనిమిది మందీ పంచుకుంటాం.

వానలు తగ్గాక సెప్టెంబర్‌లో నిండు బ్యాగులతో మళ్ళీ మహేంద్రగిరి వెళ్తున్నాం. బావగారు ముందు నడుస్తారు.