చవక 'యానిమల్ ఫామ్': కొనేముందు రెండో అధ్యాయం తిప్పి చూడండి

జార్జ్ ఆర్వెల్ ఇంగ్లీషు నవల 'యానిమల్ ఫామ్'కి విశాఖ ద్వారకానగర్ షాపులో డిగ్రీ పిల్లల కోసమని అమ్ముతున్న చవక ప్రతి ఇది. ఆర్వెల్ 1950లో పోయారు. మన చట్టంలోని 60 ఏళ్ల కాపీరైట్ 2010తో తీరింది. ఇప్పుడు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. ధర తగ్గింది సరే, ప్రూఫు చూసే శ్రద్ధ కూడా తగ్గింది.

యజమానిని తరిమేసిన జంతువులు గోడ మీద రాసుకున్న ఏడు ఆజ్ఞల్లో ఈ నవల ప్రాణమంతా ఉంది. పెత్తనం చేసే పందులు వాటిని దొంగచాటుగా మార్చేస్తుంటాయి. రెండో అధ్యాయంలో 'మంచం మీద పడుకోకూడదు' అని ఉంటుంది. ఆరో అధ్యాయానికి 'దుప్పట్లు పరచిన' మంచం అవుతుంది. ఎనిమిదిలో 'చంపకూడదు'కి 'కారణం లేకుండా', 'మద్యం తాగకూడదు'కి 'మితిమీరి' చేరతాయి. ఈ ప్రతిలో 'మితిమీరి' రెండో అధ్యాయంలోనే అచ్చయిపోయింది! ఇక ఎనిమిదో అధ్యాయంలో అర్ధరాత్రి స్క్వీలర్ అనే పంది నిచ్చెన విరిగి పడటం, పక్కన బ్రష్షు, ఒలికిన తెల్లరంగు డబ్బా దేనికో విద్యార్థికి అర్థమే కాదు. పుస్తకంలో అంతకన్నా గొప్ప చోటు లేదు, దాన్నే పాడుచేశారు.

పందుల నాయకుడు నెపోలియన్ అంటే సోవియట్ నేత స్టాలిన్, అతని ప్రత్యర్థి పంది స్నోబాల్ అంటే స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ అనే పట్టిక మొదట్లోనే పెట్టారు. దాన్ని కథ అయ్యాకే చూడండి. కాగితం, కుట్టు పర్వాలేదు. పది అధ్యాయాలూ ఉన్నాయి. అయినా పరీక్షకు దీన్ని నమ్ముకోవద్దు. పౌర గ్రంథాలయంలో మంచి ప్రతి ఉందేమో ముందు అడగండి.