నాలుగు ఎన్‌వీఆర్‌లా, వీఎంఎస్‌ సర్వర్లా: రెండు వందల కెమెరాలకు ఏది మేలు?

ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు కర్మాగారాల నిర్వాహకులు కెమెరాల సంఖ్య రెండు వందలకు చేరగానే అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఒక్కోటి 64 కెమెరాలను రికార్డు చేసే పెట్టెలు, అంటే 64 ఛానళ్ల ఎన్‌వీఆర్‌లు, నాలుగు కొనాలా, లేక సర్వర్లు పెట్టి వాటిపై కెమెరాలన్నింటినీ ఒకే చోటి నుంచి నిర్వహించే వీఎంఎస్‌ సాఫ్ట్‌వేరు నడపాలా?

నిల్వ విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. 4 ఎంబీపీఎస్‌ చొప్పున ఎడతెగకుండా రికార్డు చేస్తే ఒక్కో కెమెరాకు రోజుకు 43 జీబీ, 30 రోజులకు 1.3 టీబీ, మొత్తం 200 కెమెరాలకు దాదాపు 260 టీబీ కావాలి. ఎటు వెళ్లినా ఆ డిస్కులు కొనక తప్పదు. ఎన్‌వీఆర్‌ చవక, దానికి సాధారణంగా కెమెరాకు ఇంతని లైసెన్సు రుసుము ఉండదు, కడపలోనో ప్రొద్దుటూరులోనో దొరికే ఏ టెక్నీషియనైనా దాన్ని సరిచేయగలడు. అయితే ఈ పెట్టెలను సున్నపురాయి దుమ్ములో, మే నెల ఎండకు ఉడికిపోయే గేటు గదుల్లో పెడుతుంటారు. ఆ వేడికి డిస్కుల ఆయుష్షు తగ్గుతుంది.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చవలసింది ధర కాదు, సెట్టింగులు ఎక్కడ ఉంటాయన్నది. నాలుగు ఎన్‌వీఆర్‌లంటే నాలుగు యూజర్ జాబితాలు, నాలుగు రికార్డింగు వేళలు, నాలుగు గడియారాలు. కంట్రోల్ రూములోని క్లయింటు సాఫ్ట్‌వేరు అన్నింటినీ ఒకే తెరపై చూపుతుంది కనుక వ్యవస్థ అంతా ఒక్కటేనని కొనేవారు భ్రమపడతారు. కానీ మానేసిన సెక్యూరిటీ ఉద్యోగి లాగిన్‌ను నాలుగు చోట్లా తొలగించవలసిందే. అన్నింటినీ గడియారాలను సరిచూసే ఒకే ఎన్‌టీపీ సర్వరుకు కలపకపోతే, లారీ గేటు దాటి లోపలికి రాకముందే వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) ఎక్కినట్లు రికార్డులో కనిపిస్తుంది. అటువంటి రికార్డుతో తూకం తగాదాను తేల్చడం అసాధ్యం.

వీఎంఎస్‌లో ఆ వేబ్రిడ్జి సంకేతం అందగానే గేటు దగ్గరి పీటీజెడ్‌ కెమెరా (అటూ ఇటూ తిరుగుతూ జూమ్ చేయగలిగేది) ముందే నిర్ణయించిన దిశకు, అంటే ప్రీసెట్‌కు తిరగాలని, పక్కనున్న మూడు కెమెరాల రికార్డింగుకు బుక్‌మార్క్ పడాలని ఒకే చోట రూలు రాసుకోవచ్చు. ఆ కెమెరాలు వేర్వేరు రికార్డింగు సర్వర్లపై ఉన్నా ఇబ్బంది లేదు. మైల్‌స్టోన్ ఎక్స్‌ప్రొటెక్ట్ వంటి వీఎంఎస్‌లలో పవర్‌షెల్‌ అనే ఆదేశాల భాషతో చిన్న స్క్రిప్టు రాసి అన్ని కెమెరాల ఫ్రేమ్‌రేటును ఒకేసారి మార్చవచ్చు. కెమెరాను సాఫ్ట్‌వేరుతో కలిపే డ్రైవరు అందించే అంశాలను మాత్రమే సాఫ్ట్‌వేరు మార్చగలదు కనుక, వీడియోను కుదించే హెచ్‌.265 పద్ధతి వాడదలిస్తే, వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేందుకున్న ఓన్విఫ్ ప్రమాణంలో ప్రొఫైల్ ఎస్‌ ఉంటే చాలుననుకోకుండా ప్రొఫైల్ టి ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

సర్వరు పడిపోతే అంతా చీకటే కదా అన్న అభ్యంతరం సగమే నిజం. ఎక్స్‌ప్రొటెక్ట్‌లో సెట్టింగులను చూసుకునే మేనేజ్‌మెంట్ సర్వరు ఆగినా రికార్డింగు సర్వర్లు తమ పని కొనసాగిస్తాయి. రికార్డింగు సర్వరే చెడిపోతే బాధ్యత అందుకునే ఫెయిలోవర్ సౌకర్యం మాత్రం పై స్థాయి ఎడిషన్లలోనే లభిస్తుంది. దాన్ని ముందే అంచనాలో చేర్చకపోతే ఆ తరువాత బిల్లు భారమవుతుంది. సెట్టింగులన్నీ ఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఉంటాయి కనుక దాని బ్యాకప్ వేరే యంత్రంపై ఉండాలి. విండోస్‌నూ సర్వర్లనూ చూసుకునే మనిషి సంస్థలో లేకపోతే, ఇన్ని గుణాలున్నా వీఎంఎస్‌ వద్దనే చెబుతాను.

క్లౌడ్‌ సంగతికి వస్తే, 200 కెమెరాలకు ఎడతెగకుండా 800 ఎంబీపీఎస్‌ అప్‌లోడ్ కావాలి. ఇక్కడి కర్మాగారాలకు అది కుదిరే పని కాదు. ఉన్న ఎన్‌వీఆర్‌లపైనే వీఎంఎస్‌ను కూర్చోబెట్టే మధ్యేమార్గం పాత పెట్టెలు అరిగిపోయేదాకా పనికొస్తుంది, కొత్తగా కట్టేవారికి కాదు. కెమెరాలు 64 లోపే ఉంటే ఒక్క ఎన్‌వీఆర్‌ చాలు, ఈ చర్చే అక్కర్లేదు.